ఆల్చిప్ప మీద పట్టిన రంధ్రాల పెచ్చు ఏ జాతి బ్రయోజోవా? నిర్ధారించుకొనే పద్ధతి చెప్పగలరు

ప్రశ్న
నల్లగొండ, ఎం.ఎస్సీ. విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో జంతుశాస్త్రం ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మొన్న జనవరిలో మా తరగతి విజ్ఞానయాత్రకు విశాఖపట్నం వెళ్లినప్పుడు, చేపల రేవులో ఒడ్డుకు లాగిన పడవ అడుగును గీకుతున్న పెద్దాయన ఒకరు పక్కకు తోసిన కుప్పలోంచి ఒకే రకం పెచ్చు పట్టిన రెండు పచ్చ ఆల్చిప్పలను ఏరుకున్నాను. సముద్రాన్ని చూడడం నాకు అదే మొదటిసారి కాబట్టి అక్కడ ప్రతిదీ కొత్తగానే కనిపించింది గాని, ఈ పెచ్చు మాత్రం తిరిగి వచ్చాక కూడా నా మనసును వదల్లేదు. తడిగా ఉన్నప్పుడు అది ముదురు నారింజ రంగులో ఉండడంతో పడవ రంగు ఊడి అంటుకుందేమో అనుకున్నాను. గోటితో గీరితే సున్నం గరుకు తగిలింది. భూతద్దంలో చూస్తే వేల కొద్దీ గదులు కనిపించాయి కాబట్టి ఇది బ్రయోజోవా, అంటే చిన్న చిన్న గదుల్లో గుంపుగా బతికే నీటి జీవుల వర్గానిది, అనుకున్నాను.

ఒక ఆల్చిప్పను మా ప్రయోగశాల అలవాటు ప్రకారం ఫార్మలిన్‌లో వేశాము. నాలుగైదు నెలల తర్వాత సీసా తెరిస్తే పెచ్చు అంచులు పిండిలా రాలిపోయి, గదుల గోడలు ఆనవాలు పట్టలేనంతగా కరిగిపోయి ఉన్నాయి. అది చూసి చాలా బాధపడ్డాను. రెండోదాన్ని అదృష్టవశాత్తు ఎండబెట్టి అగ్గిపెట్టెలో దాచాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది అదొక్కటే.

సూక్ష్మదర్శినిలో 40 రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు గమనించినవి రాస్తున్నాను. గదులు దాదాపు దీర్ఘచతురస్రాలు; ఇటుకల గోడలో కింది వరస అతుకు మీదికి పై వరస ఇటుక నడిమి భాగం వచ్చినట్లు అమరి ఉన్నాయి. ప్రతి గది పైకప్పు నిండా జల్లెడలాగా సన్నని రంధ్రాలున్నాయి. ఒక చివర గుండ్రని ద్వారం, ఆ ద్వారం కింది అంచులో చిన్న గంటు ఉన్నాయి. కొన్ని గదుల్లో ద్వారానికి ఒక పక్క ముక్కులాంటి మొన కనిపిస్తోంది. అక్కడక్కడ ద్వారం పైభాగాన ముత్యంలా ఉబ్బిన బుడిపెలు ఉన్నాయి.

మా పాఠ్యపుస్తకంలో బ్రయోజోవా గురించి ఉన్నది ఒకటిన్నర పేజీ మాత్రమే. అంతర్జాలంలో వెతికితే పెచ్చులా పాకే బ్రయోజోవా అనగానే మెంబ్రానిపొరా మెంబ్రనేసియా బొమ్మలే ముందుగా వచ్చాయి. దూరం నుంచి చూస్తే నా నమూనా కూడా అలాగే ఉంది. దీన్ని ఆ పేరుతో నా ప్రాజెక్టు నివేదికలో రాయవచ్చా? రాయకూడదంటే ఏ లక్షణాలను, ఏ వరసలో చూడాలి? ఒకవేళ ఏ జాతితోనూ సరిపోకపోతే దాన్ని కొత్త జాతిగా వర్ణించడానికి ఏమేమి కావాలి? తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

సమాధానం 1
మహబూబ్‌నగర్, విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు

అమ్మా, సముద్రానికి ఇంత దూరాన ఉండి ఒక పెచ్చును పట్టుకొని ఇన్ని నెలలు ఆలోచించినందుకు ముందుగా నా అభినందనలు. ఆ పేరు మాత్రం రాయవద్దు. మీరు రాసిన వర్ణనలోనే అది మెంబ్రానిపొరా కాదనడానికి రుజువు ఉంది.

మెంబ్రానిపొరా గదికి సున్నపు పైకప్పు ఉండదు. చుట్టూ సున్నపు గోడలుంటాయి, పైన పలుచని పొర మాత్రమే పరుచుకొని ఉంటుంది. ఎండినప్పుడు ఆ పొర చిరిగిపోయి గదులు అద్దం లేని కిటికీల్లా బోసిగా కనిపిస్తాయి. మీ నమూనాకు జల్లెడలాంటి గట్టి కప్పు ఉందన్నారు. పైగా మెంబ్రానిపొరాకు మీరు చెప్పిన ముత్యాల్లాంటి బుడిపెలు, అంటే పిండాలను పెంచే ఓవిసెల్‌లు, ఉండనే ఉండవు. అది గుడ్లను నీటిలోకి వదిలేస్తుంది, వాటి నుంచి సైఫనాటిస్ అనే డింభకాలు వచ్చి చాలా కాలం తేలుతూ తిరుగుతాయి. ఇక మెంబ్రనేసియా జాతి చల్లని సముద్రాల్లో కెల్ప్ అనే పెద్ద గోధుమ శైవలాల ఆకుల మీద పెరిగేది. మన తూర్పు తీరంలో కెల్ప్ వనాలు లేవు. అంతర్జాలంలో ఎక్కువ బొమ్మలు ఉన్న జాతి మన తీరంలో ఎక్కువగా ఉండే జాతి కానక్కరలేదు.

మీరు చూసిన గంటు దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. జూయిడ్, అంటే ఒక్కో గదిలో ఉండే జీవి, తన స్పర్శకాల కిరీటాన్ని ద్వారంలోంచి బయటికి చాపాలంటే లోపలి ద్రవం మీద ఒత్తిడి పెరగాలి. మెంబ్రానిపొరాలో పైపొర మెత్తనిది కాబట్టి కండరాలు దాన్ని లోపలికి లాగితే సరిపోతుంది. పైకప్పు సున్నంతో గట్టిపడిన జాతుల్లో అలా లాగడానికి వీలులేదు కాబట్టి, కప్పు కింద ఆస్కస్ అనే ఒక సంచి ఉంటుంది. కండరాలు ఆ సంచి అడుగును లాగితే బయటి నీరు అందులోకి చేరుతుంది, లోపలి ద్రవం స్పర్శకాలను బయటికి నెడుతుంది. మీ నమూనాలో ఆ నీరు సంచిలోకి పోయే దారే ద్వారం కింది గంటు. దీన్ని సైనస్ అంటారు. అందుకే గంటు యు ఆకారంలో ఉందా, వి ఆకారంలో ఉందా, ద్వారం వెడల్పులో ఎన్నో వంతు ఉంది అన్న కొలతకు వర్గీకరణలో అంత విలువ ఇస్తారు. నిండా రంధ్రాలున్న కప్పు, సైనస్ ఉన్న ద్వారం, పక్కన ఒక అవిక్యులేరియం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందుగా గుర్తుకు రావలసిన ప్రజాతి షైజోపొరెల్లా. మీరు చెప్పిన ముక్కులాంటి మొన ఆ అవిక్యులేరియమే. అది వేరే పని కోసం రూపం మార్చుకున్న జూయిడ్. దాని దవడ కొన్ని జాతుల్లో పక్షి ముక్కులాగా తెరుచుకొని మూసుకుంటుంది.

అయితే ఇక్కడే తొందరపడకూడదు. స్టైలోపొమా అనే మరో ప్రజాతికి కూడా రంధ్రాల కప్పు, సైనస్ రెండూ ఉంటాయి, అది కూడా వెచ్చని సముద్రాల్లో ఉండేదే. తేడా ఓవిసెల్‌లో ఉంటుంది. స్టైలోపొమాలో ఓవిసెల్ చాలా పెద్దది, తల్లి జూయిడ్ ద్వారాన్ని కూడా తనలో కప్పేసుకుంటుంది. షైజోపొరెల్లాలో అది ద్వారం పైభాగాన గుండ్రంగా కూర్చుంటుంది, ద్వారం బయటికి కనిపిస్తూనే ఉంటుంది. మీ నమూనాలో ఓవిసెల్ ఉన్న ఒక పది గదులను వెతికి, వాటి ద్వారం పూర్తిగా కనిపిస్తోందో లేదో చూసి చెప్పండి. నారింజ, ఎరుపు రంగులు చూసి వాటర్సిపొరా అనుకొనేవారు కూడా ఉన్నారు గాని, దానికి ఓవిసెల్‌లూ అవిక్యులేరియాలూ రెండూ ఉండవు కాబట్టి మీకు ఆ సందేహం అక్కరలేదు.

ఇక పరిశీలన గురించి. పెచ్చు మధ్యభాగాన్ని చూసి వర్ణన రాయవద్దు. సహనివేశం, అంటే ఈ గదులన్నీ కలిసిన గుంపు, పెరిగేది అంచుల దగ్గర; అక్కడి గదులు లేతవి కాబట్టి గంటు, రంధ్రాలు, అన్నీ స్పష్టంగా ఉంటాయి. లోపలికి పోయే కొద్దీ కప్పు మీద సున్నం మళ్లీ మళ్లీ పేరుకొని రంధ్రాలు లోతుకు పోతాయి, ద్వారం గుంటలో దిగబడినట్లు కనిపిస్తుంది. ఒకే సహనివేశంలోని ముసలి గదిని, లేత గదిని విడివిడిగా చూపిస్తే రెండు జాతులని పొరపడిన సందర్భాలు నా విద్యార్థుల్లోనే చూశాను. మరోవైపు, పెచ్చు మొదలైన చోట ఆన్సెస్ట్రులా ఉంటుంది. డింభకం స్థిరపడి మారిన మొదటి జూయిడ్ అది. దాని ఆకారం ప్రజాతిని బట్టి మారుతుంది. మెంబ్రానిపొరాలో అది జంటగా ఉంటుంది. దాని చుట్టుపక్కల మొదటి కొన్ని తరాల గదులు చిన్నవిగా ఉండి, తర్వాత క్రమంగా అసలు పరిమాణానికి వస్తాయి కాబట్టి, పరిమాణం నిలకడగా ఉన్న భాగంలోనే కొలతలు తీయాలి. గది పొడవు, వెడల్పు, ద్వారం పొడవు, వెడల్పు, ఇవి కనీసం 20 నుంచి 30 గదుల్లో తీసి, అతి తక్కువ విలువ, అతి ఎక్కువ విలువ, సగటు రాయండి.

దీపం కాంతి పైనుంచి నేరుగా పడితే సున్నపు కప్పు అంతా తెల్లగా మెరిసి ఏమీ తెలియదు. చిన్న టార్చి తీసుకొని బాగా పక్కవాటుగా వేయండి. ప్రతి రంధ్రానికీ నీడ పడి లోతు తెలుస్తుంది.

ఫార్మలిన్ సంగతి కూడా చెప్పాలి. తటస్థపరచని ఫార్మలిన్ నిలవ ఉన్న కొద్దీ ఆమ్లంగా మారుతుంది, సున్నం దానిలో కరిగిపోతుంది. సున్నపు అస్థిపంజరం ఉన్న ఏ నమూనానైనా 70 శాతం ఆల్కహాల్‌లో గాని, పొడిగా గాని దాచాలి. డి.ఎన్.ఏ. పరీక్షకు అనుకుంటే తాజాగా ఉన్నప్పుడే ఒక ముక్కను 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి.

ప్రశ్న వేసినవారి స్పందన

సార్, మీరు చెప్పినట్లు టార్చిని పక్కవాటుగా వేసి చూశాను. ఇన్ని రోజులుగా చూస్తున్న నమూనాయేనా ఇది అనిపించింది. బుడిపె ఉన్న గదులు పద్నాలుగు దొరికాయి. అన్నింటిలోనూ ద్వారం పూర్తిగా బయటికి కనిపిస్తోంది, బుడిపె దాని పైఅంచు మీదనే ఆగింది. బుడిపె మీద కూడా సన్నని రంధ్రాలున్నాయి. అవిక్యులేరియం ఎక్కువ గదుల్లో ఒక పక్కనే ఉంది గాని, మూడు గదుల్లో ద్వారానికి రెండు వైపులా కనిపించింది. కొన్నింటిలో అసలు లేదు. గంటు లోతు తక్కువగా, యు ఆకారంలో ఉంది.

గదుల్లో ఎండిన కణజాలం గోధుమ రంగులో అడ్డుపడుతోంది. దాన్ని తొలగించే మార్గం ఉందా? షైజోపొరెల్లా అని తేలితే యూనికార్నిస్ అని రాయవచ్చా? మన దేశపు పాత జాబితాల్లో ఆ పేరు కనిపించింది.

సమాధానం 2
హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న నాగర్‌కర్నూల్ వాసి

చెల్లెలా, ముందు కణజాలం గురించి. సోడియం హైపోక్లోరైట్‌ను, అంటే బట్టలు తెల్లబరచడానికి వాడే ద్రవాన్ని, నీళ్లతో పలుచన చేసి పెచ్చు ముక్కను అందులో వేస్తే మాంసపు భాగమంతా కరిగిపోయి తెల్లని అస్థిపంజరం మిగులుతుంది. గంటకొకసారి చూస్తూ ఉండాలి. తీశాక డిస్టిల్డ్ వాటర్‌తోనే నాలుగైదు సార్లు కడగండి. మన నల్లగొండ బోరు నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత నీళ్లలోని లవణాలే రంధ్రాల మీద తెల్లగా పేరుకుంటాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఏమిటంటే, మొత్తం నమూనాను ఆ ద్రవంలో వేయకూడదు. ద్వారం మూతను, అవిక్యులేరియం దవడను కూడా ఆ ద్రవం పాడుచేస్తుంది. అవి సున్నంతో కాక కైటిన్‌తో తయారవుతాయి. వాటి ఆకారం చూడవలసి వస్తే ముట్టుకోని ముక్క ఒకటి ఉండి తీరాలి. కాబట్టి పెచ్చులో సగాన్ని అలాగే ఉంచి, అంచు, మధ్యభాగం రెండూ వచ్చేలా ఒక చిన్న ముక్కను మాత్రమే శుభ్రం చేయండి.

పేరు విషయంలో మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. షైజోపొరెల్లా యూనికార్నిస్ పేరు 1844 నాటిది, బ్రిటన్ నుంచి జాన్‌స్టన్ పెట్టినది. అదే ప్రజాతిలోని ఎర్రాటా అనే మరో జాతిని వాటర్స్ 1878లో నేపుల్స్ నుంచి వర్ణించాడు. ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు రేవుల్లో, పడవల మీద, తూముల మీద కనిపించిన ప్రతి షైజోపొరెల్లానూ యూనికార్నిస్ అని రాయడం అలవాటైపోయింది. 2009లో టాంప్‌సెట్, పోర్టర్, టేలర్ ఈ రెండు జాతుల నమూనాలను మళ్లీ సూక్ష్మంగా పరిశీలించి వాటి హద్దులను స్పష్టం చేశారు. పసిఫిక్ తీరంలో యూనికార్నిస్ అని నమోదైనవాటిలో చాలావరకు జపానికా అనే వేరే జాతివి. కాబట్టి ఒక పాత జాబితాలో పేరు ఉండడం మీ నమూనాకు ఆ పేరు పెట్టడానికి ఆధారం కాదు. జాబితా రాసినవారు బొమ్మ ఇచ్చారా, ఏ సేకరణలో నమూనాను భద్రపరిచారు అన్నది చూడాలి.

మీరు చెప్పిన రంధ్రాల ఓవిసెల్, లోతు తక్కువ గంటు, వెచ్చని నీటి రేవు, పడవ అడుగు, ఇవన్నీ నా దృష్టిని ఎర్రాటా వైపు తిప్పుతున్నాయి గాని, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రం లేకుండా నేనైతే ఆ పేరును నిశ్చయంగా రాయను. ప్రస్తుతం నివేదికలో "షైజోపొరెల్లా సి.ఎఫ్. ఎర్రాటా" అని రాయండి. ఆ జాతితో పోల్చదగినదే గాని నిర్ధారణ మిగిలి ఉందని దాని అర్థం. ఇలా రాయడం లోపమని పరీక్షకులు అంటే, మీరు చూసిన లక్షణాలను వరసగా చెప్పండి. అవే మీ సమాధానం.

కొత్త జాతి గురించి కూడా అడిగారు. "దేనితోనూ సరిపోలేదు" అనడానికి ముందు ఆ ప్రజాతిలో ఇదివరకే వర్ణించిన జాతులన్నింటితో, వీలైతే వాటి మూల నమూనాల, అంటే ఆ జాతి పేరుకు ఆధారంగా భద్రపరిచిన నమూనాల, చిత్రాలతో పోల్చి ఉండాలి. ఆ పోలిక చేశాకనే వర్ణన. జంతు నామకరణ నియమావళి ప్రకారం 2000 జనవరి 1 తర్వాత ప్రచురించే కొత్త జాతికి మూల నమూనా ఏదో స్పష్టంగా పేర్కొనాలి, అది ఏ సేకరణలో ఉందో, ఉండబోతోందో చెప్పాలి. బ్రయోజోవాలో ఆ మూల నమూనా ఒక గది కాదు, ఒక సహనివేశం గాని దాని ముక్క గాని. ఒక్క ఆల్చిప్ప మీది ఒక్క పెచ్చుతో కొత్త జాతి పెట్టడం నియమాల ప్రకారం కుదురుతుంది గాని నేను ఎవరికీ సలహా ఇవ్వను. సహనివేశానికీ సహనివేశానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఒక్కదాన్ని చూసి తెలుసుకోలేము.

మన దేశంలో ఈ పని ఎప్పుడో మొదలైంది. స్టోలిచ్కా అనే భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త 1869లో కలకత్తా దగ్గరి పోర్ట్ క్యానింగ్ ఉప్పుటేరు నుంచి మెంబ్రానిపొరా బెంగాలెన్సిస్ అనే జాతిని వర్ణించాడు. శాస్త్రం ముందుకు పోయి అది ఇప్పుడు వేరే ప్రజాతిలోకి మారింది గాని, బెంగాలెన్సిస్ అన్న జాతి పేరు, దాని పక్కన ఆయన పేరు, ఆ సంవత్సరం అలాగే నిలిచి ఉన్నాయి. ఆయన గీసి, రాసి పెట్టినది తర్వాతివారు తిరిగి చూసుకోగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

సమాధానం 3
దేవరకొండ, ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

మా దగ్గర సముద్రం లేదన్న బాధ మీ ప్రశ్నలో కనిపించింది కాబట్టి ఒక మాట చేరుస్తున్నాను. పెచ్చులా పాకే బ్రయోజోవా మంచినీటిలో కూడా ఉంది. హిస్లోపియా లాకుస్ట్రిస్ అనే జాతిని కార్టర్ 1858లో నాగపూర్ నుంచి వర్ణించి, అక్కడ పనిచేసిన హిస్లప్ పేరును ప్రజాతికి పెట్టాడు. అనండేల్ 1911లో మంచినీటి స్పంజికలు, హైడ్రాలు, బ్రయోజోవాల మీద రాసిన గ్రంథంలోనూ అది ఉంది. నేను ఎండాకాలంలో మా ఊరి చెరువు తూము దగ్గర బతికున్న నత్తలను ఏరి, గుల్లలను తెల్లని పళ్లెంలో నీళ్లలో పెట్టి చూస్తుంటాను. కొన్ని గుల్లల మీద నూనె చుక్క ఆరినట్లు పలుచని, లేత గోధుమ రంగు పొర ఒకటి ఉంటుంది. భూతద్దం పెడితే బల్లపరుపు అండాకారపు గదులు, వాటి నడుమ కాస్త పైకి లేచిన నాలుగు మూలల ద్వారం కనిపిస్తాయి. నీటిని కదపకుండా పది నిమిషాలు ఓపిక పడితే స్పర్శకాలు గొడుగు విప్పినట్లు బయటికి వస్తాయి. పళ్లేన్ని వేలితో తట్టగానే అన్నీ ఒక్కసారిగా లోపలికి పోతాయి.

దీనికి సున్నపు గోడలుండవు కాబట్టి మీ నమూనాతో పోల్చి జాతిని గుర్తించడానికి పనికిరాదు. అయినా ద్వారం, స్పర్శకాలు, జూయిడ్‌ల అమరిక బతికున్న స్థితిలో చూడాలంటే నల్లగొండ విద్యార్థులకు పానగల్లు ఉదయసముద్రం చాలా దగ్గర. ఎండిన పెచ్చులో ఆ గంటు ఎందుకుందో పుస్తకంలో చదవడం వేరు, బతికున్న జూయిడ్ ఒకటి ద్వారం తెరవడాన్ని చూశాక ఆలోచించడం వేరు. దొరికినదాన్ని నిర్ధారించుకోవాలంటే భారత జంతుశాస్త్ర సర్వేకు చెందిన మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పెచ్చు అంచు నుంచి గోరంత ముక్కను వేరు చేసి శుభ్రం చేశాను, మిగిలినదాన్ని ముట్టుకోలేదు. 30 గదులు కొలిచాను. పొడవు 0.44 నుంచి 0.61 మిల్లీమీటర్ల వరకు వచ్చింది, సగటు 0.53. ఒక్క ఇబ్బంది మిగిలింది. గదుల వరసలు ఎటు నుంచి విప్పారాయో వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే ఆన్సెస్ట్రులా ఉండవలసిన చోట సరిగ్గా ఒక బార్నకిల్ (పడవలకు, రాళ్లకు అతుక్కొని బతికే సున్నపు గుల్ల జీవి) కూర్చొని ఉంది. దాన్ని పెకలించవచ్చా?

సమాధానం
మహబూబ్‌నగర్, విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు

వద్దమ్మా. బార్నకిల్ అడుగు సున్నం కూడా గట్టిగా అతుక్కొని ఉంటుంది, దానితో పాటు కింది గదులు కూడా ఊడి వస్తాయి. ఆల్చిప్పను తిప్పి లోపలి వైపు, అతుకు దగ్గర, అంచు మడతల్లో టార్చి వేసి చూడండి. పెద్ద పెచ్చు ఉన్న చోట అదే జాతి డింభకాలు మరికొన్ని స్థిరపడి, మిరియపు గింజంత చిన్న సహనివేశాలుగా ఉండే అవకాశం ఎక్కువ. అలాంటిది దొరికితే దాని నడిమిలో ఆన్సెస్ట్రులా ఏ అడ్డూ లేకుండా కనిపిస్తుంది. దాని బొమ్మను ముందు పెన్సిల్‌తో గీయండి, ఫోటో తర్వాత తీయండి. గదుల వరసలు ఎన్ని దిక్కులకు విప్పారాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.